మా బావ ముక్కూ, మా బావ వాదనా

మా అక్క మొగుడు హజరత్తయ్యకు లోకంలో రెండింటి మీదే నమ్మకం. ఒకటి తన ముక్కు, రెండోది తన నోరు. వాళ్ళమ్మ కసుమూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. మొక్కుకునేటప్పుడు ఆవిడ కాస్త మాట తక్కువ బిడ్డను ఇమ్మని కూడా అడిగి ఉంటే మా అక్క ప్రమీలమ్మ సుఖపడేది. ఆయన మరదలిగా నాకు ఈ మాట అనే హక్కు ఉంది, ఆయన ముందే చాలాసార్లు అన్నాను కూడా.

ముందు ముక్కు సంగతి చెబుతాను. అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో మా ఊరు. ఒకప్పుడు అంతా వరి, ఇప్పుడు సగం వరి, సగం రొయ్యల గుంటలు. గుంటలో పైకి కనపడేది నీళ్ళే గానీ రొయ్య బతుకంతా అడుగు మట్టిలో ఉంటుంది. తినగా మిగిలిన మేత అడుగున చేరి కుళ్ళితే మట్టి నల్లబడి కంపు కొడుతుంది, కనిపెట్టకపోతే రొయ్య చచ్చి తేలుతుంది. అందరూ నీళ్ళు సీసాలో పట్టి ల్యాబుకు పంపుతారు. మా బావ మాత్రం పంచె ఎగగట్టి గుంటలో దిగి, గుప్పెడు అడుగు మట్టి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. కాసేపటికి కళ్ళు తెరిచి మేత తగ్గించమనో, ఏం భయం లేదనో చెబుతాడు. చుట్టుపక్కల గుంటల వాళ్ళు కూడా బండి మీద ఎక్కించుకుపోయి తమ మట్టి వాసన చూపించుకుంటారు. ఎప్పుడూ సరిగ్గానే చెప్పేవాడని నేననను. తప్పినవి ఎవరికీ గుర్తుండవు, ఒప్పినవి ఆయనే గుర్తు చేస్తుంటాడు.

ఇక నోరు. బస్టాండు పక్కన రంగనాయకులు టీ కొట్టు ఉంది, దానికి ఎదురుగా నా టైలరింగ్ షాపు. మా బావ పొద్దున గుంట చూసుకుని వచ్చి ఆ కొట్టు బల్ల మీద కూర్చుంటే, ఆ రోజుకు తగ్గ విషయం ఏదో ఒకటి దొరికేది. కరెంటు కోత, ఎన్నికలు, వాన పడుతుందా లేదా, పక్కూరి పెళ్ళిలో చేపల పులుసు ఎందుకు చెడింది, ఏదైనా సరే. ఎదుటివాడు అలిసిపోయి సరే అనేదాకా వదిలేవాడు కాదు. మిషను తొక్కుతూ ఆయన గొంతు వినీ వినీ నాకు కుట్టు తప్పేది.

ఆ ఏడు కరోనా వచ్చింది. లాక్‌డౌన్ పెట్టారు, తరువాత కొద్దికొద్దిగా సడలించారు. రంగనాయకులు భయం భయంగా కొట్టు తెరిచి, బల్లలు దూరం దూరంగా వేశాడు. జనం వాటిని మళ్ళీ దగ్గరికి లాక్కుని, మాస్కులు గడ్డానికి దించుకుని, ఈ జబ్బు నిజంగా అంత పెద్దదా కాదా అని వాదించుకోవడం మొదలుపెట్టారు. ఊరు రెండుగా చీలింది. పెద్దదే అనేవాళ్ళ తరఫున మందుల షాపు సుకుమార్. ఫార్మసీ చదువుకున్నవాడు, మెల్లగా మాట్లాడతాడు. కాదనేవాళ్ళ తరఫున ఎవరో చెప్పక్కరలేదు.

మా బావది వట్టి మొండితనం అనుకోవద్దు, దానికి ఒక కారణం ఉంది. రొయ్యలు కొనే వ్యాపారుల్లో కొందరికి ఒక పాడు అలవాటు. పంట చేతికొచ్చే వేళకు ఫలానా వైపు గుంటల్లో వైరస్ తగిలిందట అని ఒక మాట గాలికి వదులుతారు. రైతు గుండె జారిపోయి, ఎదగని రొయ్యను కూడా పట్టి సగం ధరకు ఇచ్చేస్తాడు. అలా ఆయన ఒకసారి నిలువునా మోసపోయాడు. అప్పటినుంచి వైరస్ అన్న మాట వినపడితే చాలు, ఎవడికి లాభం అని అడుగుతాడు. కరోనాను కూడా ఆ లెక్కలోనే వేశాడు. లాక్‌డౌన్‌లో కొనేవాడు రాక, ఐసు ఫ్యాక్టరీ మూతపడి, ఎదిగిన రొయ్య గుంటలోనే ఉండిపోవడం కళ్ళారా చూశాడు. జబ్బు చేసే చెరుపు కంటే భయం చేసే చెరుపే ఎక్కువ అనేవాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, సుకుమార్ కూడా అది ఒప్పుకునేవాడు. ఒప్పుకుంటే ఇంకా రెచ్చిపోవడం మా బావ పద్ధతి.

వాసన తెలియకపోవడం కూడా కరోనా గుర్తేనని ఒక రోజు టీవీలో చెప్పారు. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి ఎంత నవ్వాడో. ఆ లెక్కన మన ఊళ్ళో గుంటలు పెట్టినవాళ్ళలో సగం మందికి పుట్టినప్పటినుంచీ కరోనానే అన్నాడు. కొట్టంతా గొల్లున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, దాచడం ఎందుకు. కానీ నేను కుట్టి ఇచ్చిన మాస్కుతో ఆయన బండి అద్దం తుడుచుకున్నప్పుడు మాత్రం ఒళ్ళు మండింది.

ఇంతలో మా బిందు పురిటికి వచ్చింది. అక్కకూ బావకూ ఒక్కతే కూతురు. దాని మొగుడికి తడ దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం, సెలవు దొరకక దించేసి వెళ్ళిపోయాడు. తొమ్మిదో నెల. నెల్లూరు డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది, జనంలోకి పోవద్దు, జనాన్ని దగ్గరికి రానీయవద్దు అని. మా బావ శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు, ఇంటికొచ్చి శ్రీమంతానికి ఊరంతా పిలిచాడు.

నేను ఊరుకోలేదు. నడి వాకిట్లో నిలబడి అడిగాను. ఇంట్లో వాళ్ళం నలుగురం గాజులు వేస్తే అది శ్రీమంతం కాదా అన్నాను. బిందు గది గుమ్మంలో పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడింది. దానికి భయంగా ఉందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. మా బావ మాత్రం పందిరి గుంజలు ఎక్కడ పాతాలో చూసుకుంటున్నాడు. అసలు సంగతి నాకు తెలుసు. ఇన్నాళ్ళు టీ కొట్టులో అంతంత మాటలు చెప్పి, ఇప్పుడు కూతురి వేడుక మానుకుంటే సుకుమార్ దగ్గర ఓడిపోయినట్టే. ఆ ఓటమికి ఒప్పుకోలేక బిడ్డను తెచ్చి పందెం కాస్తున్నాడు. ఆ మాటే ముఖాన అనేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఒళ్ళు నొప్పులని మూలిగితే, గుంజలు మోసి ఉంటాడులే అనుకున్నాం.

శ్రీమంతం రేపనగా, పొద్దున్నే గాజులాయన వచ్చి కూర్చున్నాడు. ఏ కొలతవి ఎన్ని కావాలో చెప్పాల్సిన మనిషి గుంట దగ్గరే ఉండిపోయాడు, ఫోను ఎత్తడం లేదు. పిలుచుకురమ్మని అక్క నన్ను పంపింది. తెల్లవారుజామున కరెంటు పోయి, నీళ్ళను చిలికే ఏరియేటర్లు చాలాసేపు ఆగిపోయాయట. నేను గట్టెక్కేసరికే కంపు. మాస్కు ఉన్నా చాల్లేదు, పైట కొంగు కూడా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

కాపలా మనిషి పోలేరయ్య అడుగు నుంచి నల్లటి మట్టి తీసి, చెయ్యి దూరంగా చాపి, ముఖం పక్కకు తిప్పుకుని నిలబడ్డాడు. మా బావ ఆ మట్టి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గట్టిగా పీల్చాడు. తరువాత నింపాదిగా, బాగానే ఉందిరా, మేత ఎప్పటిలాగే వెయ్యి అన్నాడు.

పోలేరయ్య ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వాడు. మా బావ నవ్వలేదు. మా ఇద్దరి వంకా చూశాడు. నా కొంగు చూశాడు. మట్టిని మళ్ళీ ముక్కుకు ఆనించుకుని పీల్చాడు, ముక్కు కొన నల్లగా అయింది. షెడ్డులోకి పోయి మేత మూట విప్పి అందులో ముఖం పెట్టాడు. రొయ్య మేత కంపు చేతికి అంటితే సబ్బుకు కూడా లొంగదు. తల ఎత్తి, డీజిల్ డబ్బా మూత తీశాడు. దాని మీదకు వంగి చాలాసేపు ఉండిపోయాడు. తరువాత మూత పెట్టి మేత మూట మీద కూలబడ్డాడు.

నేను దగ్గరికి పోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాత్రి బిందు కాళ్ళు నొక్కినాను వాణీ" అన్నాడు.

రోజూ అన్నాలయ్యాక ఆయన చేసే పని అది. బిందుకు కాళ్ళకు నీరు పట్టింది. మంచం పట్టె మీద కూర్చుని, నొక్కుతూ, టీ కొట్టులో ఎవరి నోరు ఎలా మూయించాడో కథలు చెప్పేవాడు. అది నవ్వుతూ నిద్రపోయేది. ఆ మాట విన్నాక నాకు కోపం రాలేదు. నేనూ గట్టు మీదే కూర్చున్నాను.

ఆ తరువాత ఆయన చేసిన పని చెప్పాలంటే పాత సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ కిందట మా బావ గుంటకు నిజంగానే తెల్లమచ్చ తెగులు తగిలింది. అలాంటప్పుడు చాలామంది చడీచప్పుడు లేకుండా తూము తెరిచి ఆ నీళ్ళు కాలువలోకి వదిలేస్తారు. ఆ కాలువ నీళ్ళే కింది గుంటల వాళ్ళు తోడుకుంటారు, వాళ్ళకూ తగులుతుంది. మా బావ తూము తెరవలేదు. నీళ్ళను ఎక్కడివక్కడ కట్టేసి, మందు చల్లి, పంట మొత్తం పోగొట్టుకుని, గుంట ఎండేదాకా గట్టు మీదే కాపలా కూర్చున్నాడు. నోరు ఎంత పెద్దదైనా ఆయన తత్త్వం అది.

ఆ పొద్దున కూడా అంతే. మేత ఆపమని చెప్పి పోలేరయ్యను పంపేశాడు. నన్ను గట్టు చివరికి పొమ్మన్నాడు. మొదటి ఫోను సుకుమార్‌కు చేశాడు. తరువాత పిలిచిన వాళ్ళందరికీ ఒక్కొక్కరికీ తనే చేశాడు. టెస్టు కూడా కాలేదు, ఇంకో వంక ఏదైనా చెప్పవచ్చు, ఎవరికీ అనుమానం రాదు. ఆయన అందరికీ ఒకే మాట చెప్పాడు. శ్రీమంతం లేదు, నాకు కరోనా వచ్చింది, మా ఇంటికి రావద్దు. అంతకు ముందు ఆ జబ్బు పేరు ఎత్తితే ఎగతాళికే ఎత్తేవాడు.

సుకుమార్ మందులు, వేలికి పెట్టుకుని ఊపిరి లెక్క చూసే మిషను తెచ్చి గట్టు మీద పెట్టాడు. ఎలా వాడాలో దూరం నుంచే చెప్పాడు. ఎత్తిపొడుపు మాట ఒక్కటి కూడా అనలేదు. అన్నా తప్పులేదని నాకనిపించింది, అందుకే ఆ పిల్లవాడంటే నాకు ఇప్పటికీ గౌరవం. పందిరి గుంజలు వాకిట్లో అలాగే ఉండిపోయాయి. గాజులాయనకు రెండు డజన్ల ఆకుపచ్చ గాజులు చాలని చెప్పి పంపించాం.

అందరికీ టెస్టులు చేశారు, ఫలితాలు రావడానికి రోజులు పట్టింది. మా బావ గుంట దగ్గర షెడ్డులోనే ఉన్నాడు. జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది, ఊపిరికి మాత్రం ఇబ్బంది రాలేదు. నేను క్యారియరు గట్టు మీద పెట్టి కేక వేసి వచ్చేదాన్ని. గంటలకొద్దీ మాట్లాడే మనిషి ఫోనులో మూడే మాటలు అడిగేవాడు. బిందుకు జ్వరముందా, దగ్గుందా, బిడ్డ కదులుతోందా. జవాబు విని పెట్టేసేవాడు. కాసేపటికి మళ్ళీ అదే. బిందు విసుక్కోకుండా జవాబు చెప్పేది, పెట్టేశాక గోడ వైపు తిరిగి పడుకునేది. అది తుమ్మితే నా ప్రాణం పోయినంత పనయ్యేది. మిరపకాయల పోపుకు తుమ్మినా అంతే.

ఫలితాలు వచ్చాయి. ఆయనకు ఉంది. అక్కకు కూడా ఉంది, పైకి ఏ బాధా లేకపోయినా. నాకు లేదు. బిందుకు లేదు. సుకుమార్ ఫోనులో చూసి చెప్పాడు. నాకు నమ్మకం కుదరక ఇంకోసారి చదవమన్నాను. అక్కను వెనక గదిలో ఉంచి, బిందును నేను మా ఇంటికి తీసుకుపోయాను. వారం తిరిగాక దానికి మళ్ళీ టెస్టు చేయించాం. మళ్ళీ లేదనే వచ్చింది. ఆ రోజు మందుల షాపు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దారిన పోయేవాళ్ళు ఎవరో పోయారనుకుని ఆగి అడిగారు. ఎవరూ పోలేదు, అందరూ ఉన్నారు, మీరు పోండి అని చెప్పాను. మా బావకు ఫోను చేసి చెప్పాను. ఏరియేటర్ల చప్పుడు మాత్రం వినిపించింది.

అక్కకు ఏమీ కాలేదు. ఆయనకూ తగ్గింది. బిందు నెల్లూరు ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది, కాన్పు తేలిగ్గానే అయింది. తల్లినీ బిడ్డనూ ఇంటికి తెచ్చాం. ఇక ఎవరికీ ప్రమాదం లేదని డాక్టరమ్మ తన నోటితో చెప్పింది. అయినా మా బావ ఆ గది గడప దాటేవాడు కాదు. వసారాలో కిటికీ పక్కన నిలబడి, మాస్కు సరిగ్గా ముక్కు మీదికి లాక్కుని, ఊచల్లోంచి చూసి పోయేవాడు. మేం పిలిస్తే గుంట దగ్గర పని ఉందనేవాడు.

మళ్ళీ టీ కొట్టుకు పోవడం మొదలుపెట్టాడు గానీ ఒక మూల కూర్చునేవాడు. వాదన మాత్రం ఆగలేదు, వేరేవాళ్ళు అందుకున్నారు. పక్క గుంటల రైతు నరేంద్రబాబు కొడుక్కి నిశ్చితార్థం కుదిరింది. అల్లూరు నుంచి విడవలూరు దాకా తెలిసిన వాళ్ళందరినీ పిలిచి చెయ్యాలని ఆయన పట్టు. సుకుమార్ వద్దని నచ్చజెబుతున్నాడు. నేను షాపులో జాకెట్టుకు చేతులు అతుకుతూ వింటున్నాను. నరేంద్రబాబు ఉన్నట్టుండి మా బావ వైపు చెయ్యి చూపించాడు. నిండు చూలాలు ఉన్న హజరత్తయ్యన్న ఇంట్లో ఒక్కరికైనా ఏమైనా అయిందా, ఆ మనిషి మొదటినుంచీ చెప్పిందే నిజమైంది కదా అన్నాడు. కొట్టులో చాలామంది తలలు ఊపారు.

నా కాలి కింద మిషను ఆగింది. ఇన్నాళ్ళ వాదనలో మా బావ గెలిచింది ఆ రోజు. సాక్ష్యం కూడా ఆయన ఇల్లే. సరే అంటే చాలు, అదీ అనక్కరలేదు, ఊరికే కూర్చున్నా చాలు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఏమీ కాలేదు నిజమే నరేంద్రా. అది నా అదృష్టం, నా వాదన కాదు. ఆ టెస్టు వచ్చేదాకా నా బిడ్డను నేనే చంపుకుంటుండానేమో అని ఆ షెడ్డులో ఏడ్చినాను. ఈ కొట్టులో ఎవురికీ చెప్పలా. ఇప్పుడు చెప్తుండా. నా పేరు చెప్పి మాత్రం నువ్వు జనాన్ని పిలవబాక" అన్నాడు.

సుకుమార్ తల వంచుకున్నాడు. నరేంద్రబాబు టీ డబ్బులు ఇచ్చి లేచాడు. నిశ్చితార్థం ఆపుకోలేదు గానీ రెండు ఇళ్ళ వాళ్ళతోనే చేసుకున్నాడు. మర్నాడు కొట్టులో జబ్బు పెద్దదా చిన్నదా అని మళ్ళీ వాదించుకున్నారు, అది వేరే సంగతి.

నేను షాపు మూసి ఆయన వెనకే ఇంటికి పోయాను. ఎందుకో ఒంటరిగా పంపబుద్ధి కాలేదు. బిందు బిడ్డకు అప్పుడే నీళ్ళు పోయించి, పొడి గుడ్డలో చుట్టి, మంచం మీద కూర్చుని ఉంది. మా బావ కాళ్ళు చేతులు కడుక్కున్నాడు. గడప దగ్గరికి వచ్చి ఆగాడు. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి, ఊళ్ళో అందరి నోళ్ళు మూయించిన మనిషి, చంటిబిడ్డ లేస్తుందేమో అన్నట్టు గొంతు తగ్గించి అడిగాడు.

"నేను ఎత్తుకోవచ్చునా బిందూ?"

బిందు ఆయన వంక చూసింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీ మనవరాలిని ఎత్తుకోవడానికి ఎవర్ని అడుగుతుండావు నాయనా" అని, లేచి వచ్చి, బిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది.

ఆయన గోడకు ఆనుకుని మెల్లగా గడప లోపలే కింద కూర్చున్నాడు. మా అక్క కాఫీ తెచ్చి పక్కన పెట్టింది. బిడ్డ లేచి ఏడ్చేదాకా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు.